లైట్, రైట్ ఒకేలా వినిపించే విద్యార్థులకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: మేము దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉంటున్నాము. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాను. మా అపార్ట్‌మెంట్లలో ఉండే కొందరు కొరియన్లకు ప్రతి శనివారం ఒక గంటసేపు, డబ్బు తీసుకోకుండా, ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. వారిలో ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న యువకులు ఉన్నారు, యాభై దాటిన ఒక పెద్దాయన కూడా ఉన్నారు. వ్యాకరణం వారికి బాగానే వచ్చు. లైట్, రైట్ అనే మాటలకు మాత్రం తేడా తెలియదు. ఫ్యాన్ అన్నా ప్యాన్ అన్నా ఒకటే. కాఫీ అడగబోయి కాపీ అంటారు. నాలుక ఎక్కడ పెట్టాలో బొమ్మలు గీసి చూపించాను, పదేపదే పలికి వినిపించాను. తరగతిలో నా వెనకాల సరిగ్గానే అంటారు, వారం తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. పెద్దాయన ఈమధ్య తన వయసుకు ఇది రాదంటూ వెనక్కి తగ్గుతున్నారు. నా తెలుగు యాస వల్లనే వారికి పట్టుబడడం లేదా? ఉచ్చారణకు మార్కులు వేసే ఫోన్ యాప్‌లు వాడమంటే మేలా?

సమాధానం: మీరు గీసిన బొమ్మల్లో తప్పేమీ ఉండి ఉండదు, మారవలసినది పాఠం వరుస. విద్యార్థి చెవి రెండు ధ్వనులను ఒకటిగా పోల్చుకుంటున్నంత కాలం, అతని నాలుకకు మీరు చెప్పే సూచన ఆ గంట వరకే పనిచేస్తుంది. ఎందుకంటే తాను పలికినది సరిగ్గా వచ్చిందో లేదో చెప్పడానికి ఇంటి దగ్గర మీరు ఉండరు, తన చెవి ఒక్కటే ఉంటుంది, ఆ చెవి రెండింటికీ సరేనంటుంది. కనుక కొన్ని వారాల పాటు పలికించడాన్ని దాదాపు పూర్తిగా ఆపి, తరగతి సమయమంతా వినడానికే కేటాయించండి. అది కూడా మీ గొంతుతో కాకుండా, పలువురి గొంతులతో జరగాలి. ఈ రెండో షరతు మొదటిదానికంటే ముఖ్యమైనది, దాని కారణం తర్వాత చెబుతాను.

ముందు వారి చెవి ఎలా ఏర్పడిందో చూడండి. కొరియన్ లిపి అయిన హాంగుల్‌లో ల, ర రెండింటికీ కలిపి రియుల్ అనే ఒక్క అక్షరమే ఉంది. అది రెండు అచ్చుల నడుమ వస్తే మన "ర"లాగా నాలుక కొన ఒక్కసారి తాకి వదిలేస్తుంది. పదం చివర వస్తే "ల్" అవుతుంది. రెండు రియుళ్లు పక్కపక్కన పడితే మన "పిల్ల"లోని ద్విత్వం వినిపిస్తుంది. తెలియదు అనడానికి మీ విద్యార్థులు రోజంతా వాడే "మొల్లా" అనే మాటలో ఉన్నది ఈ ద్విత్వమే. ఇంగ్లీషు మాటలను తమ లిపిలోకి తెచ్చుకునేటప్పుడు కొరియన్లు ఈ సదుపాయాన్ని తెలివిగా వాడుకున్నారు. ప్లే అనే మాటను రెండు రియుళ్లతోను, ప్రే అనే మాటను ఒక్క రియుల్‌తోను రాస్తారు. గ్లాస్, గ్రాస్ అనే మాటలకు కూడా ఇదే పద్ధతి. అంటే పదం మధ్యలో వారికి ఒక ఆధారం ఉంది. పదం చివర ల్ ఎలాగూ వారి సొంత ధ్వనే. చిక్కంతా పదం మొదట్లోనే వస్తుంది, ఎందుకంటే అక్కడ ద్విత్వం నిలవదు. లైట్, రైట్ రెండింటినీ వారు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రాస్తారు.

అందువల్ల "వీరికి ల, ర తేడా తెలియదు" అనే మీ నిర్ధారణను కొంచెం సవరించుకోవాలి. వచ్చే శనివారం ప్లే, ప్రే, గ్లాస్, గ్రాస్, కలెక్ట్, కరెక్ట్, లైట్, రైట్, లాంగ్, రాంగ్ అనే జంటలను కలగాపులగంగా వినిపించి, ఏది విన్నారో కాగితం మీద గుర్తు పెట్టమనండి. తప్పులు సాధారణంగా పదాది ధ్వని దగ్గరే పోగుపడతాయి. అలా తేలితే మీ పని సగం తగ్గినట్టే: వారికి ఇప్పటికే వినబడుతున్న ప్లే, ప్రేలతో మొదలుపెట్టి, అక్కడ కుదిరిన నమ్మకాన్ని లే, రేల దాకా తీసుకురావచ్చు. లైట్, రైట్‌లతోనే మొదలుపెట్టి మొదటి రోజునే ఓటమి రుచి చూపించడం చాలామంది ఉపాధ్యాయులకు అలవాటైన పొరపాటు.

ఇంకొక విషయం మిమ్మల్ని తప్పుదారి పట్టించి ఉండవచ్చు. మీ యువ విద్యార్థులకు స్కూల్లో లిజనింగ్ మార్కులు బాగానే వచ్చి ఉంటాయి. నవంబరులో జరిగే వారి కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు పేపరుకు 45 ప్రశ్నలుంటే అందులో 17 విని రాసేవే. ఆ కొద్దిసేపు శబ్దం అడ్డు రాకూడదని దేశంలో విమానాల రాకపోకలను సైతం ఆపుతారు. అయితే ఆ ప్రశ్నలు సంభాషణ సారాన్ని పట్టుకోవడాన్ని పరీక్షిస్తాయి. రోడ్డు మీద కారు నడిపే ఇద్దరి మాటల్లో "టర్న్ రైట్" అని వస్తే, అది లైట్ అని వినబడినా అర్థం చెడదు. సందర్భాన్ని బట్టి ఊహించడంలో వారు ఆరితేరారు, ఆ నేర్పే ధ్వని లోపాన్ని కప్పేసింది. మీ అభ్యాసంలో వాక్యాలు వద్దనడానికి ఇదే కారణం. విడి పదాలే వినిపించండి.

పెద్దాయన సందేహానికి వస్తాను. పసితనంలోనే చెవి మాతృభాష వైపు ఒరుగుతుందన్నది నిజమే. 1984లో కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను పసిగట్టగలిగారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. మనకు ఇంత స్పష్టంగా వినిపించే త, ట తేడా టొరంటోలో పుట్టిన పెద్దవాళ్లకు వినబడదని మీ పెద్దాయనకు చెప్పి, మీరే రెండూ పలికి వినిపించండి. ఇందులో తన తెలివితక్కువతనం ఏమీ లేదని ఆయనకు అర్థమవుతుంది.

ఒరిగిన చెవి ఒరిగినట్టే ఉండిపోతుందనుకోవడం మాత్రం సరికాదు. 1990లలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిసోనీ బృందం వయోజనులైన జపాన్ వారికి ల, ర శిక్షణ ఇచ్చి చూసింది. పలువురు వక్తల గొంతుల్లో, పదంలో వేర్వేరు స్థానాల్లో ఈ ధ్వనులను వినిపించి, ప్రతి జవాబుకూ వెంటనే తప్పొప్పులు చెప్పారు. అభ్యాసకులు మెరుగుపడ్డారు, తాము ముందెన్నడూ వినని గొంతుల దగ్గర కూడా మెరుగుపడ్డారు. ఒకే వ్యక్తి గొంతుతో శిక్షణ పొందినవారు ఆ గొంతు దగ్గర బాగానే చెప్పగలిగినా, కొత్త గొంతు రాగానే తడబడ్డారు. మీ తరగతిలో "వారం తిరిగేసరికి మొదటికి" రావడానికి దీనికంటే మంచి వివరణ నాకు కనిపించదు: వారు నేర్చుకున్నది ఇంగ్లీషు ర ధ్వనిని కాదు, మీరు పలికే ర ధ్వనిని. 1997లో ఈ బృందమే చూపించిన మరొక సంగతి ఏమిటంటే, కేవలం వినడంలో శిక్షణ పొందినవారి ఉచ్చారణ కూడా, ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే, కొంత బాగుపడింది. అభ్యాసకులు కొరియన్లు కాకపోయినా, పదాది ల, ర విషయంలో ఇద్దరి ఇబ్బందీ ఒకటే కనుక ఈ పద్ధతిని మీరు నిస్సంకోచంగా అనుసరించవచ్చు.

ఈ సందర్భంలో ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట దక్షిణ కొరియాలో కొందరు తల్లిదండ్రులు పిల్లలకు ఇంగ్లీషు ర బాగా పలుకుతుందనే ఆశతో నాలుక కింది పొరను శస్త్రచికిత్సతో కత్తిరింపజేశారు. అది వార్తలకెక్కింది, 2003లో ఆ దేశపు జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ దురాచారం మీద ఒక చిన్న చిత్రం కూడా తీయించింది. అమెరికాలో పుట్టి పెరిగిన కొరియన్ పిల్లలు అదే నాలుకతో ఏ తేడా లేకుండా ఇంగ్లీషు మాట్లాడుతున్నారన్న ఒక్క వాస్తవం ముందు ఆ వాదన నిలవదు. ఎవరైనా తన నాలుకే పొట్టిదని మీతో అంటే ఈ మాట చెప్పండి.

ఇక అభ్యాసం ఎలా చేయించాలో చెబుతాను. లే, రే, లాంగ్, రాంగ్, లైట్, రైట్, లీడ్, రీడ్, లాక్, రాక్ వంటి పది జంటలు తీసుకోండి. రెండు మాటలూ విద్యార్థికి తెలిసినవే అయి ఉండాలి, లేకపోతే తెలిసిన మాటనే విన్నాననుకుంటాడు. ఆ మాటలను నలుగురైదుగురి చేత చదివించి ఫోన్లో రికార్డు చేయండి. సువాన్‌లో మీకు అమెరికన్, బ్రిటిష్, ఆస్ట్రేలియన్ పరిచయస్తులు దొరక్కపోతే, ఆన్‌లైన్ నిఘంటువులు ఒక్కో మాటకు అమెరికన్, బ్రిటిష్ గొంతులను వినిపిస్తాయి. నాలుగు నిఘంటువులు తెరిస్తే చాలినన్ని గొంతులు దొరుకుతాయి. ఆడ, మగ గొంతులు రెండూ ఉండేలా చూసుకోండి. కాగితం మీద జంటలు ముద్రించి ఇవ్వండి. వినిపించగానే ఒకదానికి సున్నా చుట్టాలి. చుట్టిన వెంటనే మీరు జవాబు చెప్పాలి. తప్పయినవారి కోసం జంటలోని రెండు మాటలనూ వెంట వెంటనే మరొకసారి వినిపించాలి. జవాబును చివరిదాకా దాచిపెట్టి మార్కులు వేస్తే అది పరీక్షే తప్ప శిక్షణ అనిపించుకోదు. గొంతు మారినప్పుడల్లా "ఇప్పుడు వేరే మనిషి" అని చెప్పకండి. కంటికి చూపించకండి కూడా. పెదవులు కనబడితే చెవి పని చేయడం మానేస్తుంది.

ఫలితాన్ని చదవడంలో జాగ్రత్త అవసరం. రెండే వికల్పాలు ఉన్నచోట కళ్లు మూసుకుని చుట్టినా ఇరవైకి పది వరకు ఒప్పులు వస్తాయి, కనుక పదకొండు, పన్నెండు చూసి సంతోషించకూడదు. పదిహేడు దాటడం మొదలయ్యాక ఒక కొత్త గొంతును ప్రవేశపెట్టండి. అక్కడ లెక్క పడిపోతుంది, పడనివ్వండి. శనివారం ఒక గంట చేసేదానికంటే ఆ రికార్డులను వాట్సాప్‌లోనో కకావోటాక్‌లోనో పంపి, ఇంటి దగ్గర రోజుకు పది నిమిషాలు చేయించడం ఎక్కువ మేలు చేస్తుంది. పెద్దాయనను నలుగురిలో నోరు విప్పి పలకమని అడగకుండా ఈ కాగితం పని మాత్రమే చేయించండి. ఆయన వెనక్కి తగ్గడంలో వయసు కంటే బిడియం పాలు ఎక్కువ ఉన్నట్టు నాకు తోస్తోంది.

మీ యాస గురించి అడిగారు. దాచకుండా చెప్పాలంటే, మూడు చోట్ల అది అడ్డు వస్తుంది. మొదటిది ర. మనం రైట్ అన్నప్పుడు తెలుగు "ర"నే పలుకుతాం. అది కొరియన్ రియుల్‌కు అచ్చంగా అన్నదమ్ముడు. వారు తమ ధ్వనినే మీ నోట విని, తమకు ఇది ఎప్పుడో వచ్చనుకుంటారు. ఇంగ్లీషు వారి ర పలికేటప్పుడు నాలుక కొన పైన ఎక్కడా తాకదు.

రెండోది ప, ట, క. మన పెన్‌లో "ప" అల్పప్రాణం. ఇంగ్లీషు వారి పెన్‌లో ఊపిరి బయటికి తోసుకొస్తుంది, పండితులు "ఫలం" అనేటప్పటి మహాప్రాణంలాగా. కొరియన్లకు ప ధ్వనిలో మామూలుది, బిగించి పలికేది, ఊపిరితో పలికేది అని మూడు రకాలున్నాయి. ఇంగ్లీషు ప కోసం వారు ఊపిరి రకాన్ని వాడతారు. బస్, బ్యాగ్ వంటి మాటల్లో బ దగ్గర, మాట్లాడేటప్పుడు తరచు బిగించినదాన్ని వాడతారు. ఊపిరి లేని మీ పెన్ వారికి బెన్‌గా వినబడే ప్రమాదం ఉంది. పలచని కాగితం ముక్కను నోటి ముందు పట్టుకుని, పెన్ అన్నప్పుడు అది ఊగేదాకా సాధన చేయండి. మూడోది వ, ఇంగ్లీషులోని రెండు వకారాలకు (వి, డబ్ల్యూ) మనకు ఒకటే ఉంది, కనుక దుస్తు అనే వెస్ట్, పడమర అనే వెస్ట్ వంటి జంటల దగ్గర పాఠం చెప్పబోకండి, రికార్డును చెప్పనివ్వండి.

అయితే మీకు అనుకూలమైనవీ ఉన్నాయి. కొరియన్‌లో మామూలు పరుషాలు అచ్చుల మధ్య పడితే సరళాలవుతాయి. మాంసాన్ని వారు "కోగి" అంటారు. అందులో క, గ రెండూ వారికి ఒకే అక్షరం. 2000లో రోమన్ లిపి పద్ధతి మార్చినప్పుడు పుసాన్ బుసాన్‌గా మారింది, ఊరి పేరు పలకడంలో మాత్రం ఏ మార్పూ రాలేదు. గసడదవాదేశ సంధి చదువుకున్న మనకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించదు. అలాగే వారు నిక్‌నేమ్‌ను నింగ్‌నేమ్ అని, గుడ్ మార్నింగ్‌ను గున్ మోనింగ్ అని అనడం విని ఉంటారు. వాక్, మయం కలిసి వాఙ్మయం అయినట్టే ఇది కూడా. మన అనునాసిక సంధిని వారి నోరు తనంతట తాను చేసేస్తోంది. దానికి మందు, రెండు మాటల మధ్య క్షణం ఆగడం, ఆ తర్వాత ఆ విరామాన్ని మెల్లగా తగ్గించడం.

చెవి కుదురుకున్నాక నోటి దగ్గరికి రండి. పదాది ల కోసం "మొల్లా"ను వాడుకోండి. మొల్ అని నాలుకను పళ్ల వెనక ఆనించి అక్కడే నిలపమనండి. నిలిపిన చోటు నుంచి గొంతు ఆపకుండా లైట్ అనమనండి. కొన్నిసార్లు అయ్యాక మొదటి "మొ"ను మనసులోనే అనుకోమనండి. నిలబెట్టగలిగేది ల, తాకి పారిపోయేది రియుల్ అని వారికి నాలుకే చెబుతుంది. ర కోసం పెదవులను ఉ అన్నట్టు గుండ్రంగా చుట్టి, నాలుకను వెనక్కి లాగి, ఎక్కడా తాకనివ్వకుండా రైట్ అనిపించండి.

ఫ విషయంలో అద్దం చాలు. కాఫీని కాపీ అనడం మన ఊళ్లలో పెద్దవాళ్లకూ అలవాటే కదా. కొరియన్లు ఉత్సాహపరచడానికి అరిచే ఫైటింగ్‌ను కొందరు "పాయితింగ్" అని, కొందరు "హ్వాయితింగ్" అని అంటారు. ఫ వారి చెవిలో ప, హల మధ్య ఊగుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది. పై పళ్లు కింది పెదవి మీద ఆనాయా లేదా అన్నది అద్దంలో కనబడుతుంది, పైగా ఫ ధ్వనిని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు, ప ధ్వనిని సాగదీయలేము.

పదాంతాల మీద మాత్రం కొంత ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో ఎదుటివారికి అర్థం కాకపోవడానికి ల, రల కంటే ఇవే ఎక్కువ కారణమవుతాయని నా అభిప్రాయం. స్ట్రైక్ అనే ఏకాక్షర పదం కొరియన్‌లో సు-తు-రా-ఇ-కు అని అయిదు భాగాలవుతుంది, ఆ "ఉ" పెదవులు చుట్టకుండా పలికేది. బస్సు, పెన్ను, బెంచీ అనే మనం వారిని వింతగా చూడడానికి లేదు. వారు అచ్చును చేర్చి పలకడమే కాదు, లేని అచ్చును వింటారు కూడా, కనుక ఇక్కడ కూడా ముందు చెవితోనే మొదలుపెట్టి, రికార్డులో ఎన్ని అచ్చులు వినబడ్డాయో వేళ్లతో చూపమనండి.

బ్యాక్, బ్యాగ్ తేడా కోసం చివరి హల్లును నొక్కి పలికించకండి. వారి భాషలో పదం చివరి క్, ట్, ప్ వంటి హల్లులు విడుదల కావు, నోరు మూసిన చోటే ఆగిపోతాయి, ఆ ప్రయత్నంలో మళ్లీ "బ్యాగు" వస్తుంది. ఇంగ్లీషులో చివర సరళం ఉంటే ముందున్న అచ్చు సాగుతుంది, పరుషం ఉంటే కుదించుకుపోతుంది. బ్యాగ్‌లోని అచ్చును సాగదీయమంటే చాలావరకు పని జరిగిపోతుంది. ఇక్కడ తెలుగువారు పడే గుంట ఒకటుంది. షిప్, షీప్ తేడాను మనం హ్రస్వదీర్ఘాల తేడాగా నేర్చుకున్నాం, అలాగే నేర్పుతాం. పైన చెప్పిన సూత్రం వల్ల బీట్‌లోని "దీర్ఘం" కుదించుకుపోయి, బిడ్‌లోని "హ్రస్వం" సాగి, రెండూ ఇంచుమించు ఒకే నిడివికి చేరతాయి. నిడివిని నమ్ముకున్న విద్యార్థి అక్కడ బోల్తా పడతాడు. షీప్‌లో పెదవులు చిరునవ్వులా సాగుతాయని, షిప్‌లో నోరు వదులుగా ఉండి నాలుక కాస్త దిగుతుందని చూపించండి. బెడ్, బ్యాడ్ కూడా ఇలాంటిదే; ఎ, యా అని రెండు అక్షరాలు హాంగుల్‌లో ఉన్నా, నేటి సియోల్ యువత నోట అవి కలిసిపోయాయి, కనుక "మీ లిపిలో తేడా ఉంది కదా" అంటే ఫలితం ఉండదు.

థింక్, దిస్ మాటల్లోని నాలుక పళ్ల మధ్య పెట్టే ధ్వనులను ఈ ఏడాదికి వదిలేయండి. ఇంగ్లీషు మాతృభాష కానివారి మధ్య సంభాషణను అధ్యయనం చేసిన జెన్నిఫర్ జెన్కిన్స్ 2000లోనే ఈ ధ్వనులను తప్పనిసరి జాబితాలో చేర్చలేదు. అవి తప్పినా అర్థం చెడడం అరుదు. వాటి కోసం గంటలు ఖర్చుచేసే ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు, బహుశా అద్దంలో చూపించడం తేలిక కాబట్టి.

యాప్‌ల విషయానికి వస్తే, మాటను అక్షరాలుగా మార్చే సాధనాలు సందర్భాన్ని బట్టి ఊహిస్తాయి. "ఐ ఈట్ లైస్" అన్నా అవి రైస్ అనే రాసిపెట్టవచ్చు, విద్యార్థి తాను సరిగ్గానే పలికాననుకుంటాడు. మార్కులు వేసే యాప్‌లు ఏ ధ్వని దగ్గర ఏం తప్పిందో చెప్పకుండా అంకె మాత్రం చూపిస్తే ఆ అంకెను పట్టించుకోనవసరం లేదు. విద్యార్థి తన గొంతును రికార్డు చేసుకుని, రెండు రోజులు ఆగి, తాను అన్నది లైటా రైటా అని తానే వ్రాసుకుని, తర్వాత మీతో సరిచూసుకోవడానికి మాత్రం ఫోనును తప్పకుండా వాడించండి. ఆ రికార్డులను ఒకరివి ఒకరికి వినిపిస్తే ఇంకా మంచిది. పలికిన మనిషి లైట్ అన్నాననుకుంటే, విన్న నలుగురిలో ముగ్గురు రైట్‌కు సున్నా చుట్టిన చోట, మీరు ఏ ధ్వని మీద ఆ రోజు పనిచేయాలో వేరే చెప్పనక్కరలేదు.